బోర్లించిన రెక్క

"పదకొండున్నరకు సీల్ తీసేస్తున్న రోహిణీ. కంపెనీ పిలగాండ్లు చెత్త ఎత్తేతందుకు లారీ గూడ మాట్లాడుకున్నరు. నీకున్నది గంట. గంటంటే గంటే."

ఇన్‌స్పెక్టర్ సీతారాములు ఆ మాట అంటూనే షట్టర్‌ను నడుము దాకా లేపి, వంగి లోపలికి దూరాడు. రోహిణి చేతి గడియారం చూసుకుంది. పది ఇరవై ఎనిమిది. ఆమె కూడా వంగి లోపలికి వెళ్లింది.

కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో అది మామిడి గోదాము. మార్కెట్ వెళ్లిపోయాక ఏడాది పాటు ఖాళీగా పడి ఉంటే, నవీన్ అనే కుర్రాడు కిరాయికి తీసుకుని చిన్న విమానాలు తయారు చేసే కంపెనీ పెట్టాడు. అతని కుడిభుజం సాత్విక్. విమానం బొమ్మ గీసేది, లెక్కలు కట్టేది, ఏ ముక్క ఎంత బరువు మోయాలో తేల్చేది సాత్వికే. ముప్పై ఏళ్ల ఆ మనిషి పదిహేను రోజుల కిందట, ఒక మంగళవారం మధ్యాహ్నం ఇదే గోదాములో విరిగిన రెక్క కింద శవమై దొరికాడు.

పోలీసులు ప్రమాదమన్నారు. తల్లి శివమ్మ కాదంది. దినాలు అయిపోయిన మర్నాడే ఎల్‌బీ నగర్ నుంచి బయల్దేరి, దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్లద్దాల దుకాణం పైనున్న రోహిణి డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నా కొడుకు బరువు మీదున్న రెక్క కిందికి తల గూడ పెట్టడమ్మా. ఓసారి టిఫిన్ డబ్బా ఇద్దామని పోతే, రెక్క చుట్టు గీసిన పచ్చ గీత దాటినందుకు నన్నే కసిరిండు. గట్లాంటోడు కిందికెందుకు పోతడు? గది ఒక్కటి నాకు తెల్వాలె."

ఆ తల్లి పైఅధికారి దగ్గర పెట్టుకున్న అర్జీ వల్లనే రోహిణికి ఈ గంట దొరికింది. సీతారాములు మనస్ఫూర్తిగా ఇచ్చింది కాదు. ఎనిమిదేళ్ల కిందటి వరకు రోహిణి పోలీసు క్లూస్ టీమ్‌లో పనిచేసేది. ఆయన ఆత్మహత్య అని మూసేసిన ఒక కేసును ఆమె హత్యగా తేల్చింది. ఆ దెబ్బకు ఆయన ప్రమోషన్ రెండేళ్లు వెనక్కి పోయింది. ఆ రెండేళ్లనూ ఆయన ఇంకా మర్చిపోలేదు.

లోపల లైటు వేశారు. ఎదురు గోడకు బిగించిన ఇనుప చట్రం నుంచి రెక్క మొదలు మూడడుగుల మేర పొడుచుకొచ్చి ఉంది. మిగతా పన్నెండడుగులూ విరిగి నేలమీద ఒరిగి ఉంది. చుట్టూ ఇసుక సంచులు. కొన్ని పగిలి ఇసుక నేలంతా పరుచుకుంది. దాని చుట్టూ నేలమీద బెత్తెడు వెడల్పున పచ్చరంగు గీత.

గోడవారగా ఒక ముసలాయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. వాళ్లను చూసి లేచాడు.

"ఈయన మట్టయ్య. ఇక్కడి వడ్ల మేస్త్రి, చెక్కపనంత ఈయనదే. సామాను అప్పజెప్పినట్టు సాక్షి సంతకం కోసం పిలిపించిన," అన్నాడు సీతారాములు. "మిగిలినోళ్లందరు పొద్దుగాల్నే విజయవాడ రోడ్డు దిక్కు రన్‌వే కాడికి పోయిన్రు."

"రెక్క బోర్లించి పెట్టినట్టుంది?" రోహిణి అడిగింది.

"అవును మేడం," అన్నాడు మట్టయ్య. "ఇమానం ఎగిరేటప్పుడు గాలి రెక్కను మీదికి నూకుతది గదా. గా గాలిని ఇక్కడికెట్ల తెస్తం? అందుకే రెక్కను ఉల్టా బిగించి, మీద ఇసుక సంచులు పెడ్తం. ఒక్కో సంచి పది కిలోలు. గాలిల ఎంత కష్టమొచ్చినా తొంభై ఆరు సంచుల బరువు దాటదని సాత్విక్ బాబు లెక్క. దానికి ఒకటిన్నర వంతు, అంటే నూట నలభై నాలుగు సంచులు మోస్తేనే రెక్క పాసైనట్టు. గా కాయితం లేంది ఎగరనియ్యరు."

"ఆ రోజు ఎన్ని పెట్టారు?"

"నేనున్నప్పుడు తొంభై ఆరు. పది యాభైకి అయిపోయినయ్. ఓ అరగంట ఇట్లనే ఉండనీ కాకా, బువ్వ తినిరా అన్నడు బాబు. పది యాభై అయిదుకు గడ్డిఅన్నారం ఇంటికి పోయిన. ఒచ్చేవరకు అంబులెన్సు, పోలీసులు..."

సీతారాములు ఫైలు తెరిచాడు. "మిగిలింది నేను జెప్త. మట్టయ్య పోయినంక పిలగాడు ఆగలేకపోయిండు. మిగిలిన నలభై ఎనిమిది సంచులు తనే ఎక్కించిండు. నూట నలభై నాలుగు పూర్తయినంక, ఎంత వంగిందో దగ్గరికెళ్లి చూద్దామని కిందికి దూరిండు. రెక్క ఇరిగింది. టైము గూడ పక్కా. రెక్క వంపును సెకండు సెకండుకు రాసుకునే ఒక డబ్బా ఉంటది ఈళ్లకు. పదకొండు గంటల ఎనిమిది నిమిషాలకు ఇరిగినట్టు అండ్ల ఉంది. నవీన్ ఎల్‌బీ నగర్ ఆఫీసుల ఉండి, పన్నెండు పదికి ఇక్కడికొచ్చి, చూసి, అంబులెన్సుకు ఫోన్ కొట్టిండు. నూట నలభై నాలుగు మోసినట్టు టెస్టు కాయితం మీద సంతకం పెట్టింది గూడ ఆయనే. ఇండ్ల హత్య ఎక్కడుంది చెప్పు?"

"సంచులు లెక్కపెట్టింది ఎవరు?"

"మా కానిస్టేబులే. నేలమీద నూట నలభై నాలుగు."

రోహిణి ఫైలులోని ఫొటోలు తీసుకుని ఒక్కొక్కటిగా చూసింది. నాలుగో ఫొటో దగ్గర ఆగింది. శవాన్ని తీసేశాక, ఆ చోటును పైనుంచి తీసిన ఫొటో అది. దాన్ని పట్టుకుని విరిగిన రెక్క దగ్గరకు వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది.

"సార్, వానలో కారు నిలబెట్టి, వాన వెలిశాక తీస్తే కింద నేల ఎట్లుంటది?"

"పొడిగుంటది. అయితే?"

"రెక్క విరిగి, సంచులు పగిలి, ఇసుక ఆ పిల్లగాని మీద పడింది. అప్పుడు మనిషి ఉన్న మేర నేల ఖాళీగా ఉండాలె. చుట్టూనే ఇసుక ఉండాలె. ఈ ఫొటోలో చూడండి. ఆయన పండుకున్న చోట కూడా ఇసుక చుట్టుపక్కల ఎంతుందో అంతే ఉంది. అంటే ముందు ఇసుక పడింది. తర్వాత మనిషి పడ్డడు."

సీతారాములు ఫొటో లాక్కుని చూశాడు. ఒక క్షణం ముఖం మారింది. మళ్లీ సర్దుకున్నాడు.

"అంబులెన్సోళ్లు గుంజిన్రు. గుంజుతే పక్కనున్న ఇసుక జారదా? నీకు ఎప్పుడు ఇదే పని. ఇసుకను చూసి కథ అల్లుడు."

"సరే, ఇసుక వదిలేద్దాం. మీ కథనే పట్టుకుందాం." ఆమె లేచి, చేతులు దులుపుకుంది. "పది యాభై అయిదుకు మట్టయ్య వెళ్లిండు. పదకొండు ఎనిమిదికి రెక్క విరిగింది. మధ్యలో పదమూడు నిమిషాలు. ఒక్క మనిషి నలభై ఎనిమిది సంచులు. అదిగో, ఆ పక్క గోడ దగ్గర వాడని ఇసుక సంచులు ఉన్నయ్ కదా. ఒకటి తెచ్చి ఈ చట్రం మీద పెట్టండి. నేను టైము చూస్తా."

"నేనా?"

"మీరే కథ చెప్పింది."

మట్టయ్య ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సీతారాములు పళ్లు కొరికి, చొక్కా చేతులు మడిచి, గోడ దగ్గరికి నడిచాడు. సంచి ఎత్తాడు. తెచ్చాడు. ఛాతీ ఎత్తులో ఉన్న చట్రం మీద ధబ్బున వేశాడు.

"అట్ల ఎత్తెయ్యద్దు సారు," అన్నాడు మట్టయ్య ఉండబట్టలేక. "గీత మీద గీత కలిసేటట్టు మెల్లగ ఉంచాలె. లేకుంటే బాబు మళ్లీ మొదటికెల్లి పెట్టిచ్చేటోడు."

"ఇరవై రెండు సెకన్లు," అంది రోహిణి. "మెల్లగా పెట్టకుండానే. వెనక్కి నడిచిన టైము కలపకుండానే. నలభై ఎనిమిదికి పదిహేడు నిమిషాలు దాటుతుంది."

"నాకు యాభై మూడేండ్లు. వాడు జవాను."

"సరే, జవానే. ఇప్పుడు ఈ సంచులు చూడండి."

ఆమె రెక్క చివరి వైపుకు నడిచింది. అక్కడి సంచులు అడ్డదిడ్డంగా, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. సగం పగిలిపోయాయి. గోనెలో రెక్క పెచ్చులు గుచ్చుకుని ఉన్నాయి. తర్వాత ఆమె చట్రం ఉన్న గోడవైపు, రెక్క మొదలు కింద చూపించింది. అక్కడ కూడా నేలమీద సంచులే. కానీ ఒక్కటీ పగల్లేదు. పెచ్చు అంటలేదు. ప్రతి సంచి ముడీ పైకే ఉంది.

"నాలుగడుగుల ఎత్తు నుంచి పడ్డ సంచి ముడి పైకి పెట్టుకుని నిమ్మళంగా కూర్చోదు సార్. ఇవి పడ్డవి కాదు. ఎవరో తెచ్చి పెట్టినవి. లెక్కపెట్టండి. నలభై ఎనిమిది ఉంటయ్."

సీతారాములు నిజంగానే లెక్కపెట్టాడు. వేలు చూపిస్తూ, పెదవులు కదుపుతూ. చివరి సంచి దగ్గరకు వచ్చేసరికి ఆయన వేలు గాల్లోనే ఆగింది.

"నలభై ఎనిమిది," అన్నాడు మెల్లగా.

"అంటే రెక్క నూట నలభై నాలుగు మోయలేదు. తొంభై ఆరుకే విరిగింది. దాన్ని ఎవరో నూట నలభై నాలుగు చేసిన్రు." రోహిణి గడియారం చూసుకుంది. పది యాభై రెండు. "ఇప్పుడు తెల్వాల్సింది ఒకటే. తొంభై ఆరుకు ఎందుకు విరిగింది?"

ఆ ప్రశ్న ఆమె సీతారాములు వైపు చూస్తూనే అడిగింది. కానీ స్టూలు కాలు నేలమీద గీరుకున్న చప్పుడు వెనక నుంచి వచ్చింది. మట్టయ్య మళ్లీ కూర్చుండిపోయాడు.

రోహిణి విరిగిన చోట టార్చి వేసింది. రెక్క లోపల పొడుగునా ఒక చెక్క దూలం. దానికి పైనా కిందా ఫైబర్ తొక్క అంటించి ఉంది. దూలం విరిగిన చోట చెక్క పీచులు పీచులుగా చీలిపోయింది. కానీ తొక్క ఊడిన మేర అలా లేదు. అరటి తొక్క వలిచినట్టు, జానెడు జానెడు మేర శుభ్రంగా ఊడి వచ్చింది. వేలితో రాసింది. నున్నగా, కాస్త జిడ్డుగా తగిలింది.

"కాకా, ఇటు రా."

ఆయన రాలేదు. ఆమే స్టూలు దగ్గరకు వెళ్లి, ఎదురుగా నేలమీద గొంతుక్కూర్చుంది.

"నేను ఇంజనీర్‌ను కాదు. కానీ మా ఇంట్లో కుర్చీ విరిగితే, జిగురు పెట్టిన చోట చెక్క పీచు లేచి వస్తుంది. ఇక్కడ జిగురు జిగురుగానే ఊడింది. ఒక్క పీచు లేదు. నలభై ఏళ్లు చెక్క పట్టిన చేతులు నీవి. ఎందుకట్లయిందో నీకు తెల్వదా?"

మట్టయ్య తన చేతులవైపు చూసుకున్నాడు.

"ఇదే గోదాముల నేను మామిడికాయ డబ్బాలు కొట్టేటోన్ని మేడం. మార్కెట్ పోయినంక పని లేకుండె. నీ చేతికి మంచి పట్టుంది కాకా, ఇమానం జేద్దాం రా అని సాత్విక్ బాబే పిలిచిండు. మొదాల పైపులు, గుడ్డతోని ఒక్క మనిషి కూసునేది జేసినం. వెనక మోటరు, మీద గొడుగు తీర్గ గుడ్డ రెక్క. దానికి పాలపిట్ట అని పేరు పెట్టిండు. రెండోది గూడ పైపులే, గుడ్డే, కానీ రెక్కలు మంచిగ తీర్చినం. గుడ్డ రెక్కకు ఏమన్న అయితే మీదికే కనబడ్తది. చినిగితే చినిగినట్టు, వంగితే వంగినట్టు. మూడోది ఈ ఫైబరు. ఇద్దరు కూసునేది. దీనికి రోగమొస్తే లోపల్నే ఉంటది. మీద నున్నగ మెరుస్తది."

"ఆ రోగం ఏంది?"

"తొక్కను అచ్చుల పోసి తీస్తం. అచ్చుకు పట్టకుండ మైనం రుద్దుతం. గా మైనం తొక్కకు అంటుకోనొస్తది. అందుకే సాండ్ పేపర్‌తోని మంచిగ గరుకు జేసి, తుడిచి, అప్పుడు దూలానికి అంటియ్యాలె. ఒక్కో రెక్కకు రెండు దినాల పని." ఆయన చూపు విరిగిన రెక్క మీదికి పోయింది. "సాత్విక్ బాబు వారం దినాలు బెంగళూరు పోయిండు. నవీన్ సారు ఒచ్చి, గంత టైము లేదు కాకా, పెద్దోళ్లు చూడొస్తున్నరు, ఊకె గుడ్డతోని తుడిచి అంటియ్యి అన్నడు. వద్దు సారు అన్న. రెండుసార్లన్న. మూడోసారి అననైతి. బాబు ఒచ్చినంక గూడ చెప్పనైతి. నా చేతులే సంపినయ్ పిలగాన్ని."

కళ్లు తుడుచుకోలేదాయన. అట్లాగే కూర్చున్నాడు.

"కాదు కాకా," అంది రోహిణి. "రెక్క విరిగినప్పుడు సాత్విక్ దాని కింద లేడు. అది నాకు దాదాపు తెలిసిపోయింది. రుజువు చేసేవాళ్లే కావాలె."

"గదే జెప్తున్న," సీతారాములు అందుకున్నాడు. గొంతులో మునుపటి వెటకారం లేదు గానీ పట్టు వదల్లేదు. "సంచులు మార్చిన్రు, ఒప్పుకుంట. దొంగ కాయితం, ఒప్పుకుంట. గది చీటింగు. పదకొండు ఎనిమిది తర్వాత వాడు బతికున్నట్టు చూసినోడు ఎవడన్న ఉన్నడా? అప్పుడే హత్య."

"గేటు బయట అరటిపండ్ల బండి ఉంది కదా. ఆమెను అడిగారా?"

"ఆమె లోపల లేదు గదా."

రోహిణి అప్పటికే షట్టర్ వైపు నడుస్తోంది.

బండి దగ్గరున్న ఆమె పేరు అండాలమ్మ. అరవై దాటిన మనిషి. మార్కెట్ వెళ్లిపోయినా తాను మాత్రం ఆ గేటు వదల్లేదు. వెనకాల ఖాకీ బట్టలు చూడగానే పండ్ల మీద గోనె కప్పబోయింది.

"బండి తీయమనడానికి రాలేదు పెద్దమ్మా. లోపల చనిపోయిన అబ్బాయి, సాత్విక్, నీకు తెలుసా?"

"తెల్వకేంది? దినాం రెండు పండ్లు తినేటోడు. అవ్వా అని పిల్శెటోడు."

"ఆ రోజు చూసినవా?"

"చూసిన. లోపల ఫట్ మని పెద్ద సప్పుడైంది. పటాకి పేలినట్టు. జర సేపటికి బయటికొచ్చిండు. నెత్తి నిండ ఇసుక. నేను బుగులుపడ్డ. ఆయన నవ్వుతుండు. కండ్లల్ల నీళ్లున్నయ్, నవ్వుతుండు."

సీతారాములు రెండడుగులు ముందుకు వేశాడు. "సప్పుడైనంకనా? సోంచాయించి చెప్పు. సప్పుడు ముందా, వాడు బయటికొచ్చుడు ముందా?"

"సప్పుడే ముందు సారు. ఏమైంది బిడ్డా అంటే, 'ఇరిగింది అవ్వా. మంచిగైంది, ఇక్కడే ఇరిగింది. మీద ఇరుగుతే?' అన్నడు. ఆయన ఫోన్‌ల ఛార్జింగ్ అయిపోయిందంట. నా ఫోన్ అడిగి మాట్లాడిండు. గట్టిగ అర్శిండు ఫోన్ల. 'ఎగరదు, ఎగరనియ్య' అని. ఫోన్ నాకిచ్చి, మొకం కడుక్కొని లోపలికి పోయిండు."

"తర్వాత?"

"పావుగంటకు పెద్దసారు కారొచ్చింది. అరగంట దాటినంక అంబులెన్స్. మిగిలిన ముక్క గూడ మీద పడ్డదనుకున్న నేను. నన్నెవరడిగిన్రు?"

రోహిణి చెయ్యి చాచింది. అండాలమ్మ రవికెలోంచి పాత బటన్ల ఫోన్ తీసి ఇచ్చింది. ఆమెకు ఫోన్లు వచ్చేవే గానీ చేసేవి తక్కువ. చేసిన కాల్స్ మొత్తం పదకొండే ఉన్నాయి. ఎనిమిదోది ఆ మంగళవారానిది. పదకొండు పంతొమ్మిది. రెండు నిమిషాల నలభై సెకన్లు.

రోహిణి ఆ నంబరును పైకి చదివింది. సీతారాములు ఫైలు తిరగేసి, స్టేట్‌మెంట్ పైనున్న నంబరు మీద వేలు పెట్టాడు. రెండోసారి చదవమన్నాడు. ఆమె చదివింది. ఆయన వేలు అంకె తర్వాత అంకె మీదికి జరిగి చివర ఆగింది.

"నవీన్," అన్నాడు. "ఆ పొద్దున సాత్విక్‌తో మాట్లాడనే లేదని, పన్నెండు పది దాకా ఇటు రానే లేదని రాసిచ్చిండు నాకు. సాత్విక్ ఫోన్ మొత్తం తీయిచ్చిన. అండ్ల లేదు. ఈ ఫోన్ సంగతి..." మిగతాది మింగేశాడు. "రోహిణీ, నాదే తప్పు."

ఎనిమిదేళ్లలో ఆయన నోట ఆ మాట ఆమె వినలేదు. వినడానికి ఇప్పుడు తీరిక కూడా లేదు. వెనక నుంచి మట్టయ్య దాదాపు పరుగెత్తుకుంటూ వస్తున్నాడు.

"మేడం, మీకు ఒకటి చెప్పలే. టెస్టుకు పెట్టిన రెక్క ఒక్కటే కాదు. ఇమానానికి బిగించినయి రెండు గూడ గదే వారం అంటిచ్చినయ్. గదే అచ్చు, గదే మైనం. మూడింటికి సాండ్ పేపర్ పెట్టలే."

"ఆ విమానం ఇప్పుడు ఎక్కడుంది?"

"రన్‌వే కాడ. ఊకె నేలమీద ఉరికిస్తమని చెప్పిన్రు."

సీతారాములు అప్పటికే నవీన్ నంబరు కలిపి స్పీకర్ పెట్టాడు. అయిదో రింగుకు ఎత్తాడు. చుట్టూ జనం మాటలు, చప్పట్లు వినిపిస్తున్నాయి.

"చెప్పండి సార్. సీల్ తీసేశారా? మా వాళ్లు లారీతో బయల్దేరారు."

"ఇమానం ఏడుంది నవీన్?"

"పైనుంది సార్!" అతని గొంతులో ఉత్సాహం దాగలేదు. "పొద్దున మా పైలట్ శృతి ఒక్కతే రెండు చుట్లు తిప్పింది. ఏ ఇబ్బందీ లేదు. ఇప్పుడు రెండోసారి లేచింది."

"దించు. వెంటనే దించు. గా రెక్క తొంభై ఆరుకే ఇరిగింది, నాకు తెలుసు."

చప్పట్లు దూరమయ్యాయి. అతను జనానికి పక్కగా నడిచినట్టున్నాడు. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు చల్లగా ఉంది.

"నూట నలభై నాలుగు మోసింది సార్. కాగితం మీ ఫైల్లోనే ఉంది, మీ పంచనామాతో సహా. అయినా మెల్లగా తిప్పితే ఆ బరువులో సగం కూడా పడదు. నేను లెక్క చూసుకున్నాను."

"మెల్లగా తిప్పితే అంటే నీకు తెలిసే పంపినవ్," అంది రోహిణి.

"ఎవరు? ఓ, డిటెక్టివ్ గారా. మీ క్లయింటు ఎంత సంతోషంగా ఉందో చూస్తే మీరిలా మాట్లాడరు. మొదటి ప్యాసింజరుగా అమ్మనే ఎక్కిస్తానని సాత్విక్ మాటిచ్చాడట. వాడి మాట నేను నిలబెట్టాను."

కాల్ కట్ అయింది. సీతారాములు మళ్లీ కలిపాడు. స్విచాఫ్.

ఎండలో నిలబడ్డ ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈ చావు మీద అనుమానం ఉందని కాగితం రాసిచ్చిన ఒక్కగానొక్క మనిషి ఆ రెక్కల మధ్య కూర్చుని ఉంది.

సీతారాములు వైర్‌లెస్‌లో అరుస్తూ జీపు వైపు పరుగెత్తాడు. రోహిణి శివమ్మ నంబరు నొక్కింది. రింగవుతోంది. ఆగిపోయింది. మళ్లీ నొక్కింది. స్పీకర్ పెట్టింది. ఆరో రింగుకు ఇంజన్ హోరు చెవుల్లో పడింది.

"ఎవరూ? రోహిణమ్మా? ఇనబడ్తలేదు బిడ్డా, చెవులకు డిప్పలు పెట్టిన్రు. ఆగు, ఒకటి తీస్త."

"శివమ్మా, ఫోన్ పైలట్ చెవి దగ్గర పెట్టు. ఇప్పుడే పెట్టు. ఏమీ అడగకు."

గరగర చప్పుడు. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, ప్రశాంతంగా. "శృతిని మాట్లాడుతున్నాను. ఎవరండీ?"

"నా పేరు రోహిణి. మీ రెక్కలు కట్టిన మట్టయ్య నా పక్కనే ఉన్నడు. శృతీ, ఆ రెక్కల్లో లోపం ఉంది. టెస్టు కాగితం అబద్ధం. దిగాలి మీరు."



"రన్‌వే నా వెనక ఉందండీ," అంది శృతి. ఇప్పుడు గొంతు చిన్నదైంది. "దిగాలంటే తిరగాలి."

"తిప్పకు బిడ్డా!" మట్టయ్య ఫోన్ మీదికి వంగి అరిచాడు. "తిప్పితే రెక్క మీద బరువెక్కువైతది. సీదా పో. మెల్లగ, సీదా. ముందర ఏమున్నది?"

"పొలాలు. పత్తి తీసేసినట్టున్నారు. ఆ తర్వాత హైటెన్షన్ తీగలు." ఊపిరి పీల్చుకున్న శబ్దం. "మట్టయ్య గారూ, మిమ్మల్ని ఒకటి అడగనా? లేచిన దగ్గర్నుంచీ ఎడమ రెక్కలో టక్, టక్ మని వినిపిస్తోంది. పొద్దున లేదు. ఏమిటది?"

మట్టయ్య బండి కొయ్యను పట్టుకుని నిలబడ్డాడు.

"తీగలకు ముందే దించెయ్యి శృతీ, పొలంలోనే," అంది రోహిణి. "ఇంజన్ తగ్గించి, తిన్నగా దించు. పోలీసులు బయల్దేరారు."

"సరే." ఇంజన్ హోరు సన్నబడటం మొదలైంది.

అంతలో ఫోన్ మళ్లీ శివమ్మ చేతిలోకి వచ్చినట్టుంది. ఆమె గొంతు దగ్గరగా, స్పష్టంగా వినిపించింది. ఏం జరుగుతోందో ఆమెకు సగమే అర్థమైందని, ఆ సగానికి ఆమె భయపడటం లేదని రోహిణికి తెలిసిపోయింది.

"నువ్వు పరేషాన్ గాకమ్మా. ఇది నా కొడుకు జేసిన రెక్క. నన్ను..."

ఆ మాట పూర్తి కాలేదు. ఈసారి పటాకి పేలినట్టున్న ఆ ఫట్ మనే చప్పుడు ఫోన్‌లోంచి వాళ్లందరికీ వినిపించింది.